గూడూరు రోడ్డు మీద రెండో శనివారం

భూపాలపల్లి అడివి
12 ఫిబ్రవరి 1950

అత్తకు మొగిలి రాసేది.

నేను బతికే ఉన్న. గీ ముక్క ముందుగాల రాస్తున్న, కాయితం తడిసినా పైముక్క మిగుల్తదని.

నాకు సక్కగ రాయొస్తలేదు. నువ్వు పొయ్యి కాడ బూడిదల నేర్పిన అచ్చరాలే. ఒత్తులు మర్చిపోయిన. నోటితోని చెప్పుమంటే గదీ రాదు నాకు, నీకెర్కనే.

గీడ ఎదురుబొంగు నరికే కంట్రాక్టు కూపుల పనికున్న. పేరు మార్చుకున్న. దళం లేదు ఇప్పుడు, ఎటోళ్ళు అటు పోయిన్రు. పెద్దోళ్ళు "నువ్వు పిల్లగానివి, ఇంటికి పో" అన్నరు. ఇంటికి ఏ మొఖం పెట్టుకొని రావాలె?

అత్తా, గానాడు నేను కావాలని చెయ్యలే. దళపోళ్ళు ఈతవనంల అన్నం తింటున్నరు. నేను కావలున్న. మిలట్రీ జీపుల దుమ్ము కనబడ్డది. ఉరికి చెప్దామంటే దూరం. మన యేసు గుడి ముంగట ఏలాడే రైలు పట్టా గంట దగ్గర్ల ఉండె. దబదబ కొట్టిన. దళం తప్పించుకున్నది. నేను సుత వాళ్ళెంబడి గుట్ట ఎక్కి ఎనుకకు తిరిగి చూసిన. మనోళ్ళంత చేన్లకెల్లి గుడికి ఉరికొస్తున్నరు. గప్పుడు యాదికొచ్చింది నాకు. ప్రార్థన లేనినాడు గంట మోగితే మన వాడల ఎవలో సచ్చినట్టు, ఉన్నపళంగ అందరు రావాలె. దళానికి గంటంటే ఉరుకుడు, మనోళ్ళకు గంటంటే కూడుడు. గా వాడల పెరిగినోన్ని, నాకే మతికి రాలే.

మామను జీపెక్కించుడు చూసిన. కాలు ఈడ్చుకుంట పోతుండె. మామ కాలు ఎట్లున్నది? నా మీద కోపమున్నదా?

గీ ఉత్తరం తెచ్చేటాయన బండి నర్సయ్య. కూపుకెల్లి మానుకోట టేషన్ దాక కలప తోల్తడు. జవాబు టేషన్ ముంగటి చాయ్ హోటలుకు, నర్సయ్యకు అని రాయి. నా పేరు పైన రాయకు.

మొగిలి

*

జనగామ, క్రైస్తవ వాడ
5 మార్చి 1950

నా అన్న కొడుకు, నేను పెంచిన బిడ్డ మొగిలికి అత్త పుష్పమ్మ రాస్తున్నది. దేవుడు నిన్ను కనిపెట్టి ఉండుగాక.

నీ ఉత్తరం నిన్న అందింది. మూడు నెలలుగా దేవుణ్ణి ఒక్కటే అడుగుతున్నాను, ఉన్నాడో లేడో చెప్పమని. ఉన్నావు. పక్కింటి సత్తమ్మ వచ్చి "ఏందే, ఏడుస్తున్నవ్?" అంటే కళ్ళలో పొగ పోయిందన్నాను. పొయ్యి ఇంకా ముట్టించనే లేదు. ఆమె పొయ్యి వైపు చూసింది.

ఒత్తులు లేకపోతే ఏమైంది, నాకన్నీ అర్థమయ్యాయి.

మామ సంగతి అడిగావు. వారం రోజులు ఉంచుకుని పంపించారు. కాలు ఇంకా నయం కాలేదు, మంచంలోనే ఉంటున్నాడు. నీ మీద కోపం లేదు. ఈ మాట దేవుని ఎదుట చెబుతున్నాను, లేదు.

మీ అమ్మా నాయినా గత్తర రోగంలో ఒకే వారం పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. ఇక్కడికి తెచ్చాక నెల దాకా నోరు విప్పలేదు. గుడి గంట కొట్టే పని మామదే కదా, పొద్దున్నే నిన్ను భుజం మీద ఎక్కించుకుని పోయి సుత్తి నీ చేతికిచ్చేవాడు. నువ్వు మొదటిసారి నవ్వింది అప్పుడే. తర్వాత బడి ఎగ్గొట్టినా, కోళ్ళు దొంగిలించి కాల్చుకు తిన్నా, గుడి అయ్యగారి కొడుకు తల పగలగొట్టినా, నేను చీపురు అందుకుంటే మామ ఒకటే అనేవాడు: "గా పొల్లగాడు నవ్విండే, నేను చూసిన. ఇగ ఎట్ల ఇడుస్త?"

ఇప్పుడు విను. అయ్యగారు మిలిటరీ క్యాంపు ఆఫీసరుతో మాట్లాడారు. పద్దెనిమిది నిండని పిల్లలు తమంతట తాము వచ్చి, ఇంటి పెద్ద పూచీ పడితే వదిలేస్తున్నారట. నీకు పదహారు. పట్టుబడితే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. అడవిలో ఎదురుపడితే తుపాకీయే. పూచీ నేను ఉంటాను. నువ్వు మానుకోట దాకా రా, నేను రైలెక్కి వస్తాను.

వంటకు ముందు గుడి కోసం పిడికెడు బియ్యం తీసిపెడతాం కదా. ఇప్పుడు రెండు పిడికిళ్ళు తీస్తున్నాను. రెండోది నీ పేరున వేరే కుండలో పోస్తున్నాను. అది నిండకముందే రా.

దారి చూస్తూ,
అత్త

*

గంగారం
2 ఏప్రిల్ 1950

అత్తా,

భూపాలపల్లి దిక్కు జీపులు ఎక్కువైనయి. గందుకే గంగారం అడివికొచ్చినం. వచ్చినం అని ఎందుకంటున్ననంటే నాతోని ఒకడున్నడు. పేరు చందూలాల్. గూడూరు దిక్కు లంబాడి తండా పిల్లగాడు, పన్నెండేండ్లుంటయి. ఇంటికున్న ఒక్క ఎద్దును మేపబోయి పోగొట్టిండట. అవ్వ కొడ్తదని అడివిల పడి దళానికి నీళ్ళు మోసిండు. దళం పోయినంక నా ఎంబడి పడ్డడు. పో అన్న. పోలే. రాయి తీస్కొని బెదిరించిన. జర దూరం పోయి కూసొని మల్ల వచ్చిండు.

ఒర్రుతనే ఉంటడు అత్తా. నేను మాట్లాడనని "అన్నా, నోట్ల ఏమన్న దాసుకున్నవా, తెరిస్తే పడిపోతదా?" అంటడు. గిది రాస్తుంటే పక్కపొంటి కూసొని "చీమలు పోతున్నట్టున్నది" అని నవ్వుతున్నడు. మొన్న మేస్త్రి బెల్లం దొంగతనం చేసిండు. దెబ్బలు నేను తిన్న, బెల్లం ఆడు తిన్నడు.

ఒక్క మాట అడుగుత. అయ్యగారు ఎందుకు నడుమ? ఆయన కొడుకు నన్ను దిక్కులేనోడా అన్నడనే తలకాయ పగలగొట్టిన. గప్పటిసంది నన్ను గుడిల ఎనుక వరుసల కూసోవెట్టిండు. గసొంటాయన నా కోసం ఆఫీసరు కాడికి పోయిండా? పూచీ అంటే ఏందత్తా? దస్కతు పెట్టి అప్పజెప్పుడే గదా? మా దళంల ఒకలను ఇంటోళ్ళు పిలిస్తే గిట్లనే పోయిండు. మల్ల రాలే.

నువ్వు గట్ల చెయ్యవు. గని ఎవలేం చెప్పినా నమ్ముతవు.

మామకు కర్ర చేసిన. తునికి కర్ర. నర్సయ్య జనగామ పోయేటోనికి ఇచ్చి పంపుతడు. పని అయినంక రోజింత చెక్కిన. పట్టుకునే కాడ చేతికి గుచ్చుకోకుండ గాజుపెంకుతోని గీకిన. నా తలకాయ మామ సంకల కాడికొస్తుండె, గా కొల్త మీద చేసిన. నేను పెరిగిన్నేమో, పొడుగైతే కోసుకొమ్మను.

మామ కర్ర పట్టుకొని నడిచిండా లేదా రాయి.

మొగిలి

*

జనగామ
17 ఏప్రిల్ 1950

అల్లుడా మొగిలీ,

పునరుత్థాన పండుగ అయిపోయింది. ఈసారి గంట లేదు, ఆ రోజే మిలిటరీ వాళ్ళు దింపి పట్టుకుపోయారు. పిల్లలు ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చారు.

కర్ర చేరింది. మామ పట్టుకుని గడప దాకా నడిచాడు. "మంచిగ చేసిండు" అన్నాడు. కొలత సరిపోయింది.

అయ్యగారి మీద నీ అనుమానం పొరపాటు. పండుగ మర్నాడు సంఘం కూడింది. లాజరు పెద్ద లేచి, సంఘం పుస్తకంలోంచి నీ పేరు కొట్టేయాలన్నాడు. ఆ రోజు దెబ్బలు తిన్నవాళ్ళలో ఆయన తమ్ముడున్నాడు. అతని కుడిచెయ్యి ఇప్పటికీ లేవడం లేదు. కాబట్టి ఆ కోపాన్ని నేను తప్పు పట్టను.

"పుష్పమ్మా, ఎన్నిసార్లు చూస్తం? కోళ్ళ కాన్నుంచి చూస్తనే ఉన్నం. ఆడు బాగుపడేటోడు కాదు" అన్నాడు.

"ఎన్నిసార్లని నువ్వు లెక్క వెట్టుకున్నవా పెద్దన్నా? నేను వెట్టుకోలే."

"నీకు మేనల్లుడు, గందుకే."

"మరి నీ కొడుకైతే?"

ఆయన మొహం ఎర్రబడింది. ఇంతలో వెనుక నుంచి ముసలి బుచ్చమ్మ లేచింది. "ఏం కొట్టుడో ఏమో! గా పుస్తకంల నా మొగని పేరున్నది. ఆడు నలభై ఏండ్లు సారా కాసిండు, మీరే తాగిన్రు. ఆని పేరు ఎవలన్న కొట్టేసిన్రా?" అంది. అందరూ నవ్వారు, లాజరు పెద్ద కూడా. అప్పుడు అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని, ఈ ఏడు చివరిదాకా పేరు ఉంచుదాం అన్నారు. నేను అడగలేదు మొగిలీ, ఆయనంతట ఆయనే అన్నారు.

ఆ పిల్లవాణ్ణి వదలకు. ఇద్దరూ రండి. వాళ్ళ అమ్మ పేరు రాస్తే కబురు పంపుతాను.

నీ కోసం రోజూ నీ పేరు చెప్పి ప్రార్థించే
అత్త

*

గంగారం
21 మే 1950

అత్తా,

నర్సయ్య ఎద్దుల కోసం జనగామ అంగడికి పోయిండు. నా మంచిచెడ్డ చెప్దామని మన వాడకొచ్చిండు. నువ్వు ఊర్లె లేవట. మామ పేరు చెప్పి, యాకయ్య ఇల్లు ఏదని అడిగితే పిల్లలు "తాత సమాధుల కాడున్నడు" అని తోల్కపోయిన్రట. కట్టె సిలువ మీద రాసింది చదివిపిచ్చుకున్నడు. జనవరి తొమ్మిది అని ఉన్నదట.

నేను మొదటి ఉత్తరం రాసింది ఫిబ్రవరిల.

కర్ర ఎవలికిచ్చినవ్?

గడప దాక నడిచిండన్నవు. మంచిగ చేసిండన్నడన్నవు. గా ముక్క చందూగానికి ఎన్నిసార్లు చదివి చెప్పిన్నో. ఆడు చిరాకుపడి "ఎర్కైంది అన్నా, మంచిగ చేసినవ్ తియ్" అన్నడు.

నువ్వు బైబిలు పట్టుకొని ఇంటింటికి తిరిగి చెప్పేటదానివి. గదే చేత్తోని అబద్ధం రాసినవు. నన్ను టేషన్ కాడికి రప్పియ్యాలనే గదా? గింత అబద్ధమాడినదానివి, పూచీ ముచ్చట మాత్రం నిజమని ఎట్ల నమ్మాలె?

మామను నేను సంపిన. గంతే.

ఇగ రాయకు.

*

జనగామ
18 జూన్ 1950

మొగిలీ,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చించేయాలనిపిస్తే చదివాక చించు.

అబద్ధమే ఆడాను. మామ జనవరి తొమ్మిదిన పోయాడు. నువ్వు కాలు అనుకున్నావు. కాలు కాదు, లోపలి దెబ్బలు.

ఆ రోజు నువ్వు గుట్ట ఎక్కేసరికి మేము నూరు మందిమి గుడి ముందున్నాం. ఎవరు పోయారని ఒకరినొకరం అడుగుతున్నాం. క్యాంపు వాళ్ళకు మేమంతా సభ పెట్టుకున్నట్టు కనబడింది. గంట ఎవరు కొట్టారన్నారు. ఎవరికీ తెలియదు. మామకు తెలుసు. సుత్తి మన ఇంటి చూరులో ఉంటుందని ఆయనకూ నీకూ తప్ప తెలియదు కదా. ముందుకు పోయి "నేనే కొట్టిన, గంట పని నాదే" అన్నాడు. ఎందుకు కొట్టావంటే "ఎవలో సచ్చిన్రనుకున్న" అన్నాడు. ఎవరు అన్నారు. ఆ రోజు వాడలో ఎవరూ పోలేదు కదా, ఆయన్ని కొట్టి జీపెక్కించారు.

ఇంటికి పంపాక ఇరవై రోజులున్నాడు. చివరి పూట నన్ను దగ్గరికి పిలిచి "పొల్లగాడు వస్తే నా ముచ్చట జర నిమ్మలంగ చెప్పు, ఒక్కసారే గంత మోయలేడు" అన్నాడు. నిమ్మళంగా చెప్పమన్నాడు. అబద్ధం చెప్పమనలేదు. అది నా అంతట నేను చేసింది. నిజం రాస్తే నువ్వు ఇంకా లోపలికి, ఇంకా దూరం పోతావని భయపడ్డాను. ఒకసారి రాశాక రెండోసారి సులువైంది. నువ్వు అడిగింది నిజమే, నిన్ను రప్పించాలనే రాశాను. దేవుని ముందు ఒప్పుకున్నాను, ఇప్పుడు నీ ముందు ఒప్పుకుంటున్నాను. కర్ర ఎవరికీ ఇవ్వలేదు. తలుపు వెనుక ఉంది.

గంట కొట్టింది నువ్వు. మామను కొట్టింది నువ్వు కాదు.

ఇకనుంచి నిన్ను రమ్మనను. నేనే వస్తాను. అయ్యగారికి చెప్పను, ఎవరికీ చెప్పను. గూడూరులో అంగడి దాటాక మానుకోట రోడ్డు మీద ఒక ఇప్పచెట్టు ఉందట, నర్సయ్యే ఉత్తరం రాయించి చెప్పాడు. ప్రతి నెలా రెండో శనివారం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అక్కడ కూర్చుంటాను. వస్తే వస్తావు. రాకపోతే మళ్ళీ నెల వస్తాను.

పుష్పమ్మ

*

జనగామ
14 జులై 1950

మొగిలీ,

శనివారం వచ్చి పోయాను. నువ్వు రాలేదు.

నిష్ఠూరం కాదు, ఎలా జరిగిందో చెబుతున్నాను. మానుకోటలో రైలు దిగి నర్సయ్య బండిలో గూడూరు చేరాను. నీ కుండలో బియ్యం దంచి అప్పాలు చేసి మూట కట్టుకొచ్చాను. మధ్యాహ్నం ఒక సిపాయి వచ్చి నిలబడ్డాడు. వచ్చీరాని ఉర్దూ తెలుగు కలిపి, ఎవరి కోసం అన్నాడు. కొడుకు కోసం అన్నాను. ఎక్కడున్నాడు అన్నాడు. "ఎర్కుంటే గీ ఎండల ఎందుకు కూసుంట నాయినా?" అన్నాను. అతనికి నవ్వొచ్చింది. తన సీసాలో నీళ్ళు నా చెంబులో పోసి పోయాడు. వాడి వయసూ పెద్దదేం కాదు, మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఇంటి దగ్గర వాడి తల్లి ఏం చేస్తుందో.

అప్పాలు తిరిగి తెచ్చాను. సత్తమ్మ పిల్లలు తిన్నారు.

ఆగస్టు పన్నెండున మళ్ళీ వస్తాను.

అత్త

*

గంగారం
25 జులై 1950

అత్తా,

నేను వచ్చిన.

రోడ్డవుతల వాయిలి పొదలున్నయి గద, గా పొదల ఉన్నం ఇద్దరం, పొద్దంత. నువ్వు మూటిప్పి మల్ల కట్టినవు. ఒక్కటి సుత తినలే. చందూగాడు "గామెనా మీ అత్త? మూటల ఏమున్నదో పోయి చూద్దాం పా" అని ఒకటే గునుసుడు. ఉరకబోతే అంగి పట్టి గుంజిన. సిపాయిని చూసి ఆగిన్ననుకుంటవేమో. కాదు. నీ మెడల నల్లపూసలు లేవు. నర్సయ్య చెప్పినప్పుడు, నువ్వు రాసినప్పుడు నాకు తెల్సినట్టే అనిపిచ్చింది గని, గప్పుడు తెల్సింది. పొదలనే కూసున్న.

నువ్వు బండెక్కినంక చందూ నా మీద ఉమ్మిండు. "నా అవ్వ గిట్ల వచ్చి కూసుంటే నేనైతే ఉరుకుదును" అన్నడు.

గిప్పుడు ఆనికి చలిజరం. నాలుగొద్దులాయె. మాట్లాడుతలేడు అత్తా, గదే నా పరేషాన్. ఇంటికి తోల్కపోవాల్నా అంటే "ఎద్దు దొరికిందా?" అంటడు. వాళ్ళ అవ్వ పేరు జమ్లీ.

పన్నెండు తారీకు తీస్కొస్త. చలిజరం మాత్రలు పట్టుకొని రా. ఈసారి పొదల ఉండ, రోడ్డు మీదికే వస్త.

మొగిలి

*

జనగామ
17 ఆగస్టు 1950

మొగిలీ,

మాత్రలు తెచ్చాను. శనివారమంతా వానలో కూర్చున్నాను, ఆదివారం కూడా ఉన్నాను. గుడికి పోని ఆదివారం నా జీవితంలో అదొక్కటే. వాగులు పొంగి వారం రోజులుగా కూపుకు బండి పోలేదని నర్సయ్య అన్నాడు.

మళ్ళీ భయపడ్డావా? పడితే పడ్డావు, నేను తప్పు పట్టను. పిల్లవాణ్ణి మాత్రం అడవిలో ఉంచకు. నువ్వు రాలేకపోతే నర్సయ్య చేతికి అప్పగించు. మాత్రలు అతని దగ్గరే పెట్టాను, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

జ్వరం తగ్గాక వాడు బాగా తింటాడు. వచ్చే నెల అప్పాలు ఎక్కువ తెస్తాను.

అత్త

*

జైలు, వరంగల్లు
3 సెప్టెంబర్ 1950

అత్తా,

నీ ఉత్తరం నర్సయ్య గీడికి తెచ్చి ఇచ్చిండు. జైలోళ్ళు చదివి నాకిచ్చిన్రు. మాత్రల ముచ్చట చదివినంక ఒకపూట రాయలేకపోయిన.

నువ్వు వానల కూసున్ననాటికి చందూ పోయి ఐదొద్దులు.

పన్నెండు దాక జరం ఆగలే. ఆరో తారీకు పొద్దుగాల మతి తప్పిండు. బండి లేదు. వీపుకు దోతితోని కట్టుకొని నడిచిన. వాగులు సుట్టు తిరిగి రెండొద్దులు పట్టింది. తొవ్వల ఒకపారి తెలివికొచ్చి "అన్నా, బరువున్ననా?" అన్నడు. లేవన్న. "అబద్దాలోడా" అని నవ్విండు. నిజంగనే బరువు లేడు అత్తా.

గూడూరు మిలట్రీ క్యాంపుల డాక్టరున్నడని అందరికెర్కనే. గేటు కాడికి పోయి నిలవడ్డ. సిపాయి తుపాకి ఎత్తి చేతులు లేపమన్నడు. దోతి ముడి వదులైంది, చేతులు లేపితే పిల్లగాడు జారిపోతడు. నేను లేపలే. నోటితోనే చెప్పిన, "పొల్లగానికి జరం, డాక్టరును పిలువుండ్రి" అని. నా జిందగీల గంత గట్టిగ మాట్లాడలే. ఎందుకో కాల్చలే.

డాక్టరు మంచిగనే చూసిండు. సూదులిచ్చిండు. పొద్దుగూకకముందే పోయిండు. చెయ్యి నా చేతులనే ఉన్నది.

నీకేమైతడని అడిగిన్రు. తమ్ముడన్న. లంబాడోడు నీకు తమ్ముడెట్లయితడన్నరు. ఏమో, అయ్యిండన్న.

నా అసలు పేరు చెప్పిన. జనగామ గుడికాడ గంట కొట్టింది నేను, యాకయ్య కాదు అని చెప్పిన. గదెందుకు ఇప్పుడన్నరు. రాసుకోండ్రన్న. రాసుకున్నంక చదివిపిచ్చుకున్న. నేను వచ్చి అప్పజెప్పుకున్నట్టా, పట్టుబడినట్టా అని వాళ్ళకే తెగలే. ఏది రాసినా మంచిదే. రెండేండ్లు పడ్తయంటున్నరు.

క్యాంపు ఎనుక చందూను బొంద పెట్టేటప్పుడు ప్రార్థన చేద్దామనుకున్న. నువ్వు రోజు నా పేరు చెప్తనంటవు గద, గట్ల ఆని పేరు చెప్పిన. చందూలాల్, జమ్లీ కొడుకు, అని. గంతే చెప్పిన.

జమ్లీకి తెల్వదు. నువ్వు పోవాలె. నన్ను చూడరాకు, ముందుగాల ఆడికి పో. దూరం పోయిండు వస్తడు అని చెప్పకు అత్తా. నాకు చెప్పినట్టు చెప్పకు.

మొగిలి

*

జనగామ
28 సెప్టెంబర్ 1950

నా కొడుకా మొగిలీ,

పోయి వచ్చాను.

తండాను మిలిటరీ వాళ్ళు అడవి అంచు నుంచి లేపి రోడ్డు పక్కన గుడిసెల్లో పెట్టారు. జమ్లీ గుడిసె అడిగితే ఒక చిన్నపిల్ల చూపించింది. జమ్లీ జొన్నలు చెరుగుతోంది. కూర్చోమంది. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను. నీ కొడుకు చందూలాల్ ఆగస్టు ఏడున జ్వరంతో చనిపోయాడని, పూడ్చిన చోటు నేను చూపిస్తానని. దాచింది ఏమీ లేదు.

చేట విసిరేసి లేచింది. రెండు చేతులతో నా రొమ్ము మీద కొట్టింది. నేను ఆపలేదు. తర్వాత నన్నే పట్టుకుని వాళ్ళ భాషలో ఏడ్చింది. ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. నాకు ఒక్క మాటా తెలియలేదు, మధ్యలో వాడి పేరు తప్ప.

ఎద్దు మూడో రోజునే తనంతట తాను ఇంటికి వచ్చిందట. ఆ సంగతి కేకలు వేసి చెప్పుకుంటూ ఆమె నెల రోజులు అడవంతా తిరిగిందట.

ఇద్దరం నడిచి పోయాం. ఆ చోట మట్టి కుంగింది. చేతులతో తీసి పోసింది, నేనూ పోశాను. నేను యేసు ప్రభువుకు చెప్పుకున్నాను, ఆమె తన దేవతకు చెప్పుకుంది.

ఇక్కడి సంగతులు. నువ్వు క్యాంపులో చెప్పిన మాట అయ్యగారు నీ ఉత్తరంలోంచి సంఘంలో చదివారు. లాజరు పెద్ద లేచి బయటికి పోయాడు. ఇంకా మాట్లాడటం లేదు. నేను తొందరపెట్టను. ములాకత్ కోసం అయ్యగారు అర్జీ రాసిచ్చారు, వచ్చే నెల వస్తాను.

ఒకటి మిగిలింది. తిరుగుదారిలో జమ్లీ అడిగింది, తన కొడుకును అంత దూరం మోసింది ఎవరని. మా ఇంటి పిల్లవాడు, జైల్లో ఉన్నాడన్నాను. గుడిసె దగ్గర ఆగి, వచ్చీరాని తెలుగులో "గాడు తింటున్నడా?" అంది.

తెలియదన్నాను.

"తెల్సుకొని వచ్చి చెప్పు" అంది.

పదిహేను రోజుల్లో మళ్ళీ ఆమె దగ్గరికి పోతున్నాను. నేను బాధపడతానని చూడకుండా నిజం రాయి. తింటున్నావా?

అత్త